పెరటి కంపోస్టు: తిరగవేయమన్నదెవరు, ముట్టుకోవద్దన్నదెవరు?

పెరట్లో ఒక మూల కంపోస్టు మొదలుపెడదామనుకుంటున్నానని నలుగురితో అని చూడండి. వారానికోసారి తిరగవేయాలని ఒకరంటారు. చెయ్యి పెట్టనేకూడదు, మట్టితో మూసి ఆరు నెలలు మరిచిపోవాలని ఇంకొకరు. నిమ్మ తొక్కలు, ఉల్లిపొట్టు పడ్డాయంటే అంతా పాడేనని మూడోవారి హెచ్చరిక. పేడ నీళ్ళు చల్లందే పని మొదలుకాదని కొందరు, పుల్ల మజ్జిగలో బెల్లం కలిపి పోస్తే చాలని మరికొందరు. ఇన్నీ విన్నాక కొత్తవారు చాలామంది చేసేది ఒకటే. రంధ్రాల డబ్బా ఒకటి కొని తెచ్చి, రోజూ కూరగాయల తొక్కలు అందులో వేసి, పది రోజులకు ముక్కు మూసుకుని దాన్ని చెత్త బండి ఎక్కించేస్తారు.

వింతేమిటంటే, పై సలహాల్లో చాలావాటికి ఏదో ఒక ఆధారం ఉంది. ఆధారమున్న ప్రతిదీ ఎక్కడో ఒకచోట నిజం. చిక్కల్లా ఒక పద్ధతి నియమాన్ని తెచ్చి ఇంకో పద్ధతికి అంటగట్టడంతోనే. ఏ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే గందరగోళం చాలావరకు విడిపోతుంది.

తిరగవేయాలన్న మాట ఇండోర్‌ది. 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థకు వచ్చిన ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్, 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేశారు. పంట వ్యర్థాలు, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, కాస్త బూడిద పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగవేస్తూ సుమారు మూడు నెలల్లో ఎరువు తీసే విధానాన్ని అక్కడ స్థిరపరిచారు. భారత, చైనా రైతుల అలవాట్ల నుంచి ఆయన నేర్చుకున్నది తక్కువేమీ కాదు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దీనిమీద పుస్తకం కూడా వేశారు. ఎండాకాలంలో గుంటలో, వానాకాలంలో నేలపైన కుప్పగా చేయాలన్నది కూడా ఈ పద్ధతిలోదే. ఆ చిన్న సూచన మనకు ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

ముట్టుకోవద్దన్నది బెంగళూరు పద్ధతి. 1939లో సి.ఎన్. ఆచార్య పట్టణాల చెత్తను, మలాన్ని దృష్టిలో పెట్టుకుని దీన్ని రూపొందించారు. కందకంలో పొరలుగా నింపి, పైన మట్టి మెత్తి వదిలేస్తారు. తిరగవేసే కూలి ఉండదు, నత్రజని గాల్లో కలిసిపోవడం తక్కువ. బదులుగా ఆరు నెలలో, అంతకన్నా ఎక్కువో ఆగాలి.

మూడోది మన వ్యవసాయ శాఖ వాళ్ళు ఊళ్ళలో ప్రచారం చేసిన నాడెప్ తొట్టి. మహారాష్ట్రకు చెందిన నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే అనే రైతు పేరుమీద వచ్చింది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ఇటుకల మధ్య సందులు వదిలి గోడ కడతారు. గాలి ఆ సందుల్లోంచి వస్తుంది కాబట్టి తిరగవేసే పని లేదు. మూడు నాలుగు నెలల్లో ఎరువు చేతికి వస్తుంది.

ఇక నిమ్మ, ఉల్లి వద్దన్న మాట వానపాముల తొట్టిది. వానపాములకు పులుపు, ఘాటు పడవు. వేడి 35 డిగ్రీలు దాటితే అవి చచ్చిపోవడం మొదలుపెడతాయి. మామూలు కంపోస్టులో తొక్కలను తినేది కంటికి కనబడని బాక్టీరియా, బూజులు. వాటికి నాలుగు నిమ్మ చెక్కలు ఒక లెక్క కాదు. కాస్త ఆలస్యంగా కుళ్ళుతాయి, అంతే. వర్మీకంపోస్టు నియమాలు మామూలు డబ్బాకు పాకిపోవడంవల్ల ఎన్ని ఇళ్ళలో ఉల్లిపొట్టు వేరుగా మూటకట్టి పారేస్తున్నారో చూస్తే జాలేస్తుంది.

ఈ పద్ధతులన్నీ తేడాపడేది ఒక్కచోటే. లోపలికి గాలి ఎలా వెళ్ళాలి? ఇండోర్ పద్ధతి మనిషి చేతితో గాలి అందిస్తుంది. నాడెప్ గోడ సందులతో అందిస్తుంది. వానపాములు తొలుచుకుంటూ దారులు వేస్తాయి. బెంగళూరు పద్ధతి గాలి లేకపోయినా ఫరవాలేదు, ఆలస్యమవనీ అంటుంది. మన డబ్బా వీటిలో ఏ వర్గానిదో ముందు తేల్చుకోవాలి. చుట్టూ రంధ్రాలున్న డ్రమ్ములో చెత్త వేసి, పైన మట్టి మెత్తి, తిరగవేయకుండా మూత బిగించడమంటే, మూడు పద్ధతుల్లోంచి తలా ఒక ముక్క తెచ్చి ఏదీ పనిచేయకుండా చేసుకోవడమే.

గాలికి అంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఆక్సిజన్ ఉన్నచోట పనిచేసే సూక్ష్మజీవులు వేరు, లేనిచోట పనిచేసేవి వేరు. మొదటివి చెత్తలోని కార్బన్‌ను బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తాయి, నీటి ఆవిరి వదులుతాయి, ఆ పనిలో వేడి పుట్టిస్తాయి. రెండోవి ఆమ్లాలు, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను తయారుచేస్తాయి. హైదరాబాదు చెత్త చేరే జవహర్‌నగర్ గుట్టల్లో లోలోపల జరిగేది ఈ రెండో రకమే. వందేళ్ళ లెక్కలో మీథేను భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకు సుమారు 28 రెట్లు. కాబట్టి డబ్బా కంపు కొడుతోందంటే పద్ధతి తప్పిందనే అర్థం. కంపోస్టు అన్నాక కంపు తప్పదని సర్దిచెప్పుకోనక్కరలేదు.

గాలి లోపలికి పోకుండా అడ్డుపడేది ఎక్కువగా నీరు. వంటింటి చెత్తలో ఉన్నదే నీరు. సొరకాయ తొక్క, టమాటా, దోసకాయ గుజ్జు, గోంగూర కాడలు, వాడేసిన టీపొడి ఇవన్నీ కలిపి తూచితే నూటికి ఎనభై పాళ్ళు తడే. వాటిని ఒకదానిమీద ఒకటి వేస్తే బరువుకు అణిగి ముద్దవుతాయి, ముద్దలోకి గాలి దూరదు. అందుకే ఎండు సరుకు కలపాలంటారు. ఎంత కలపాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం.

సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కార్బన్ ఉంటే పని చురుగ్గా సాగుతుంది. తడి 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. ఒక కిలో వంటింటి చెత్త తీసుకోండి. అందులో నీరు 800 గ్రాములు పోగా మిగిలే పొడి పదార్థం 200 గ్రాములు. దానిలో కార్బన్ సుమారు 90 గ్రాములు, నత్రజని సుమారు 6 గ్రాములు. అంటే నిష్పత్తి 15. నత్రజని మరీ ఎక్కువ. ఇప్పుడు దీనికి అరకిలో ఎండుటాకులు కలపండి. వాటిలో తడి 50 గ్రాములే. కార్బన్ రెండువందల గ్రాముల చిల్లర, నత్రజని మూడు గ్రాములకు కాస్త పైన. మొత్తం కలిపితే నిష్పత్తి 30 దగ్గరికి వస్తుంది. తడి చూస్తే, ఒకటిన్నర కిలోలో 850 గ్రాములు, అంటే 57 శాతం.

ఒక్క అరకిలో ఆకులతో రెండు లెక్కలూ కుదిరాయి. ఆకు రకాన్నిబట్టి, కూరగాయలనుబట్టి అంకెలు అటూఇటూ అవుతాయిగానీ దారి ఇదే. రోజూ తూకం పెట్టుకుని కూర్చోనక్కరలేదు. ఎండుటాకులు తేలిక, కాబట్టి ఒక గిన్నె తడి చెత్తకు అదే గిన్నెతో మూడు గిన్నెల నలిపిన ఆకులు అని గుర్తుపెట్టుకుంటే చాలు. మొదట్లో ఇది మరీ ఎక్కువనిపిస్తుంది. చిటికెడు చల్లి సరిపెడదామనిపిస్తుంది. కంపు మొదలయ్యేది అక్కడే.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెరటి కంపోస్టుకు ముందు కావలసింది డబ్బా కాదు, ఎండుటాకుల నిల్వ. రోజుకు కిలో తడి చెత్త వచ్చే ఇంటికి నెలకు పదిహేను కిలోల ఆకులు కావాలి. మన దగ్గర వేప, కానుగ, రావి ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణ మాసాల్లో, ఉగాదికి కాస్త ముందు వెనకలుగా. ఆ నెలల్లో ప్రతి వీధిలోనూ ఆకులు ఊడ్చి పోగుపెట్టి అగ్గిపుల్ల గీస్తారు. ఆ పోగులనే బియ్యం సంచుల్లో కూరి, వాన తగలని చోట పేర్చుకుంటే వానాకాలం గడిచిపోతుంది. ఆషాఢంలో ఎండుటాకుల కోసం వెతికితే దొరికేది తడిసిన ఆకే.

ఆకుల్లో తేడాలున్నాయి. చింతాకు, కానుగాకు తొందరగా కుళ్ళుతాయి. మామిడి ఆకు మందం, పైన మైనం పూత, బాగా నలపకపోతే నెలల తరబడి అలాగే ఉంటుంది. పెద్ద బాదం ఆకులను అలాగే పరిస్తే విస్తరాకుల్లా అతుక్కుని గాలిని ఆపేస్తాయి. చింపి వేయాలి. ఆకులు చాలకపోతే వరిగడ్డి తుంపులు, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, గుడ్ల అట్టలు, చింపిన అట్టపెట్టెలు వాడుకోవచ్చు. ఊక కుళ్ళడానికి మొరాయిస్తుందిగానీ గుల్లగా ఉంచడంలో దానికి సాటిలేదు. రంపపు పొట్టులో కార్బన్ విపరీతం, నత్రజనికి 300 రెట్లు పైమాటే. కాబట్టి కొద్దిగానే వేయాలి. ప్లైవుడ్ కోసిన పొట్టయితే అసలే వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి.

డబ్బా సంగతికి వస్తే, దీనికి వేలు పోసి కొనవలసిన అవసరం కనబడదు. బావులకు వేసే సిమెంటు ఒరలు, మూడడుగుల వెడల్పువి, రెండు మూడు ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో ఇటుక ముక్కలు పెట్టి సందు వదిలితే అదే ఒక చిన్న నాడెప్ తొట్టి. అడుగు నేలకు తెరిచి ఉంటుంది, మిగులు నీరు ఇంకిపోతుంది, వానపాములు వాటంతటవే పైకి వస్తాయి. ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి నిలబెట్టినా సరిపోతుంది. అడుగున చిల్లులు పెట్టిన పాత ప్లాస్టిక్ డ్రమ్ము కూడా మంచిదే, దాన్ని ఇటుకలపై ఎత్తి పెట్టాలి. ఏదైనా రెండు ఉండాలి. ఒకటి నిండాక దాన్ని మాగనిచ్చి రెండోదాన్ని నింపడం మొదలుపెడతారు. ఒక్కటే ఉంటే రోజూ పైన కొత్త చెత్త పడుతూ, అడుగున తయారైన ఎరువు ఎప్పటికీ బయటికి రాదు.

చోటు ఎంపికలో మన నేలలు, మన ఎండలు లెక్కలోకి వస్తాయి. అనంతపురంలాంటి చోట మే నెలలో నేలపైన కుప్ప పెడితే రెండు రోజుల్లో ఎండి గలగలలాడుతుంది, లోపలి పని ఆగిపోతుంది. అక్కడ చెట్టు నీడన రెండడుగుల గుంటే మేలు. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో గుంట తవ్వితే జూలైకల్లా అది నీటి మడుగు. అక్కడ ఇటుకల దిమ్మ మీద ఎత్తుగా పెట్టాలి. ఎండాకాలానికి గుంట, వానలకు కుప్ప అన్న ఇండోర్ సూత్రం పనికొచ్చేది ఇక్కడే. వానాకాలంలో పైన రేకో, పాత ఫ్లెక్సీయో కప్పి, పక్కలు వదిలేయాలి. పక్కలు కూడా మూసేస్తే నీళ్ళతోపాటు గాలినీ ఆపేసినట్టే.

మొదలుపెట్టడం మాత్రం తేలిక. అడుగున జానెడు మందాన పుల్లలు, కొబ్బరి పీచు పరవండి. పైన ఎండుటాకులు, ఆ తరువాత రోజూ తడి చెత్త, దానిమీద తడి కనబడకుండా ఆకులు. మధ్యమధ్య ఒక గుప్పెడు తోట మట్టి. పేడ దొరికితే కాస్త కలపండి, నత్రజని కలుస్తుంది, సూక్ష్మజీవులూ చేరతాయి. దొరకకపోతే కంగారు పడనక్కరలేదు, కుళ్ళబెట్టే జీవులు ఆ ఆకులమీద, తొక్కలమీద ముందునుంచే ఉన్నాయి. పుల్ల మజ్జిగ, బెల్లం పోస్తే నష్టం లేదుగానీ, అది లేకపోతే పని జరగదనడం అతిశయోక్తి. పొట్లాల్లో అమ్మే సూక్ష్మజీవుల కల్చర్ పొడుల మీద పెట్టే డబ్బు అరపూట ఆకులు ఊడ్చినవారికి కూలిగా ఇస్తే కంపోస్టుకు ఎక్కువ మేలు జరుగుతుంది.

వారానికోసారి లోపలి సరుకు ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడాలి. వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఆకులు కలిపి తిరగవేయాలి. ఏమీ రాక, తెరిచిన పిడికిట్లో పొడిపొడిగా రాలితే నీళ్ళు చల్లాలి. చీమలు పుట్టపెట్టాయంటే కూడా ఎండిందనే గుర్తు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి లేదు. పశువుల కొట్టంలోలా ముక్కు మండే ఘాటు వస్తే అది అమ్మోనియా, నత్రజని ఎక్కువై గాల్లోకి పోతోంది. రెంటికీ మందు ఎండుటాకులే. సున్నం చల్లితే వాసన తగ్గుతుందని ఎవరో ఒకరు తప్పక చెబుతారు, వినకండి. సున్నం అమ్మోనియాను ఇంకా త్వరగా బయటికి తోలుతుంది, ఎరువులో సారం పోతుంది.

వేడి గురించి కొంచెం నిజం చెప్పుకోవాలి. కుప్ప లోపల 55 డిగ్రీల వేడి కనీసం మూడు రోజులు నిలిస్తే రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. కానీ ఆ వేడి నిలవాలంటే సుమారు ఒక ఘనమీటరు సరుకు, అంటే మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్ప కావాలి. రోజుకు కిలో చొప్పున నింపే డ్రమ్ము అంత కాగదు, గోరువెచ్చగా మొదలై చల్లబడుతుంది. అందుకే ఇంటి కంపోస్టు వేసిన కుండీలో టమాటా, గుమ్మడి, బొప్పాయి వాటంతటవే పడి మొలుస్తాయి. ఆ మొలకలతో ఇబ్బంది లేదు. తుంగ గడ్డలు, గరిక వేళ్ళు, పూత పట్టిన వయ్యారిభామ వేస్తే మాత్రం ఎరువుతోపాటు కలుపునూ తోటంతా పంచిపెట్టినట్టవుతుంది. తెగులు పట్టిన టమాటా, వంగ మొక్కలూ అంతే, వాటిని అందులో వేయవద్దు.

పురుగులు కనబడగానే చాలామంది మానేస్తారు. వాటిలో ఏది ఏమిటో తెలిస్తే భయపడనక్కరలేదు. బల్లపరుపుగా, బూడిద రంగులో, గణుపులు గణుపులుగా గుంపులుగా మెసిలేవి నల్ల సైనిక ఈగ పిల్లలు. తడి చెత్తను అవి తినే వేగం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పెద్దవైన ఆ ఈగలు మామూలు ఈగల్లా అన్నం మీద వాలవు. రోకలిబండలు ఎండుటాకులు కొరికేవి, ఉండనివ్వండి. గాల్లో మూగే చిన్న ఈగలకు కారణం పైకి తేలి ఉన్న పండ్ల తొక్క, దానిమీద ఇంకో పొర ఆకులు కప్పితే పోతాయి. ఒక్కదాని విషయంలో మాత్రం జాగ్రత్త. తెల్లగా, బొటనవేలంత లావుగా, ఒంకీ తిరిగి పడుకున్న పురుగు కనిపిస్తే, ముఖ్యంగా కోనసీమలోనో ఇంట్లో కొబ్బరిచెట్లున్నచోటో, ఏరి పారేయండి. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి పెంటకుప్పల్లోనే. ఎలుకలు, పందికొక్కులు వచ్చాయంటే వండిన తిండి వేస్తున్నారని అర్థం. వాటి వెనకే పాము కూడా వస్తుంది కాబట్టి పెరటి ఇళ్ళవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

వండిన అన్నం గుప్పెడు పడితే ముంచుకుపోయేదేమీ లేదు, ఆకుల్లో బాగా కలపాలంతే. సాంబారు అడుగు, నూనె తేలే కూరలు, ఊరగాయ వద్దు. ఉప్పు మట్టికి చేటు, నూనె గాలికి అడ్డు. చేపల పొలుసులు, మాంసం ఎముకలు డబ్బాలో కన్నా అడుగున్నర లోతు గుంట తీసి అరటి మొదలుకో కొబ్బరి మొదలుకో కాస్త ఎడంగా పాతిపెట్టడం మంచిది. అది బెంగళూరు పద్ధతికి ఇంటి రూపమే. గుడ్డు పెంకులు పొడి కొట్టి వేయాలి. మామిడి టెంక, కొబ్బరి చిప్ప ఏళ్ళు పడతాయి. పూజ పూలు భేషైన సరుకు, దారం తీసేసి బంతి, చామంతి రేకలు వేయండి. దండల్లో మెరిసే జరీ తీగ ఒకటి ఉంటుంది, అది లోపలికి పోతే ఎరువంతా ఏరుకోవాలి.

తిరగవేస్తూ ఉంటే మూడు నాలుగు నెలలు, ఊరుకుంటే ఆరు నెలల పైన. కుప్ప సగానికో మూడో వంతుకో దిగిపోతుంది. అయిందని తెలిసేది వాసనతో. తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసనా, ఈ వాసనా ఒకటే. రెండింటికీ మూలం ఆక్టినోమైసీట్లు అనే బాక్టీరియా విడిచే జియోస్మిన్. క్షయకు మందుగా 1943లో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ కూడా ఈ కుటుంబపు మట్టి జీవి నుంచి వచ్చిందే. చేతికి రంగు అంటకుండా, తొక్కలు గుర్తుపట్టలేకుండా, వేడి లేకుండా ఉండాలి. అనుమానముంటే ఒక గ్లాసులో ఆ ఎరువు వేసి నాలుగు మెంతులు చల్లండి. అవి సరిగా మొలవకపోయినా, మొలిచి మాడినా ఇంకో నెల మాగనివ్వాలి. పచ్చి కంపోస్టు మొక్కకు ఇస్తే, కుళ్ళడం ముగించడానికి అది మట్టిలోని నత్రజనినే లాక్కుంటుంది, ఆకులు పసుపుపచ్చగా తిరుగుతాయి.

యూరియాతో పోల్చి ఆశపడితే నిరాశే. యూరియాలో నత్రజని 46 శాతం, మంచి కంపోస్టులో ఒక శాతం చుట్టూ. వంద కిలోల కంపోస్టు ఇచ్చే నత్రజని రెండు కిలోల యూరియాలో దొరుకుతుంది. కంపోస్టు బలం అంకెల్లో కన్నా మట్టి గుణంలో కనబడుతుంది. నల్లరేగడి బిగుసుకోకుండా, ఇసుక నేలలో నీళ్ళు జారిపోకుండా ఉంటాయి. కుండీల్లో మట్టికి మూడో వంతు కలపవచ్చు, మళ్ళల్లో రెండంగుళాల మందాన పరిచి పైపైన కలిపితే సరిపోతుంది. జల్లెడ పట్టగా మిగిలిన పుల్లలు, కరగని మామిడి ఆకులు పారేయకండి. రెండో ఒరలో అడుగున పరిస్తే అవే గాలికి దారి, పాలకు పెరుగులా కొత్త కుప్పకు అవే తోడు.